అవతలి ఒడ్డు చేరేలోగా

కార్లనీ జనాన్నీ దాటించే మా పంటు ఎక్కి మెట్ల మీద సగం దూరం వచ్చేసరికే వెన్న కాగుతున్న వాసన తగులుతుంది. వాసన తర్వాత మాట తగులుతుంది. రెండూ బోర్గిల్డ్‌వే. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. పెనం ముందు నిలబడిందంటే ఒక చేతిలో అట్లకాడ, రెండో చెయ్యి నడుము మీద. మా వైపు ఫియోర్డు, అదే, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, దాటేవాళ్ళెవరూ స్వేలే తినకుండా దాటరు. మజ్జిగ పోసి కలిపిన పిండితో వేలెడు మందాన పొంగే అట్టది. వెన్నా పంచదారా రాసి, సగానికి మడిచి చేతికిస్తుంది. దాంతోపాటు కోతలు ఉచితం.

మా దేశంలో అరవై ఏడు నిండితే అందరూ పని మానేసి ఇంట్లో కూర్చుంటారు. ఈవిడా కూర్చుంది, కొన్ని వారాలు. తర్వాత మళ్ళీ పెనం ముందు తేలింది. ఎలా తేలిందో ఆవిడ చెప్పే కథ అప్పట్నుంచి ఏటికేడు పెరుగుతూనే ఉంది.

ఆ నవంబరు పొద్దున పొగమంచు కిటికీలన్నిటినీ కప్పేసింది. పంటు పైగదిలో బోర్గిల్డ్ కాక ఉన్నది ముగ్గురమే. అవతలి ఊళ్ళో మందుల షాపులో పనిచేసే నేను, చేపల లారీ తోలే ఓడ్‌వార్, పంటు కంపెనీ ఆఫీసు నుంచి వచ్చిన సున్నివ. సున్నివకి ముప్ఫై అయిదుంటాయేమో. మంచి పిల్ల. మంచి పిల్ల కాబట్టే ఫోన్లో చెప్పి ఊరుకోకుండా ఎదురుగా వచ్చి నిలబడింది.

"కొత్త సంవత్సరం నుంచి ఇక్కడ మిషను పెడదామంటున్నారు బోర్గిల్డ్ గారూ. కాఫీ, వేడి చేసిన బన్ను. మీరే మానేస్తానంటే కేకు కోసి, అందర్నీ పిలిచి బాగా సాగనంపుతారు. ఉంటానంటే మాత్రం, ఎందుకుంచాలో నాకొక్క కారణం చెప్పండి. తొమ్మిదింటికి మీటింగుంది, నేనే లేచి మాట్లాడతాను. అవతలి ఒడ్డు చేరేలోగా చెప్తే చాలు. చేరగానే నేను కారు దింపుకుని పోవాలి."

బోర్గిల్డ్ పెనం మీద పిండి పోసింది. పిండి గుండ్రంగా పడకుండా పక్కకి తోక మొలిచింది. ఇన్నేళ్ళలో ఆవిడ పోసిన అట్టుకి తోక మొలవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒక్కటేనా?" అంది. "సరే, కూర్చో అమ్మాయ్. తింటూ విను. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, కావాలంటే ఇంగున్‌ని అడుగు."

"నన్ను లాగొద్దు," అన్నాను.

"చూశావా, మొహమాటపడుతోంది. మొదటిది అసలు పెద్ద విషయమే కాదు, చెప్పుకోవడానిక్కూడా సిగ్గు. నన్ను సాగనంపారు కదా, బాదం కేకు తెచ్చారు, పాట పాడారు, కెప్టెన్ ఐలిఫ్ రెండు మాటలు మాట్లాడి మూడో మాట రాక పైకెళ్ళిపోయాడు. నేను ఇంటికెళ్ళాను. ఇంట్లో ఏముందో తెలుసా? నేల ఉంది. కదలని నేల. ముప్ఫై ఏళ్ళు నీళ్ళ మీద నిలబడ్డ కాళ్ళకి ఒక్కసారిగా కదలని నేల తగిలితే ఏమవుతుంది? కళ్ళు తిరుగుతాయి. గోడ పట్టుకుని నడిచాను. పొద్దున్నే లేచి అలవాటు కొద్దీ పెద్ద గిన్నెడు పిండి కలిపాను, నలభై మందికి సరిపోయేది. కలిపాక చూస్తే తినేది నేనొక్కదాన్ని."

అంతవరకూ నిజమే. ఆ వారాల్లో ఆవిడ మా షాపుకొచ్చి అవసరం లేని దగ్గుమందు కొనుక్కుని, గంటసేపు నిలబడి వెళ్ళేది. కానీ ఆవిడ అక్కడ ఆగే రకం కాదు.

"ఇక్కడ నా చోట్లో ఒకాయన్ని పెట్టారు. మంచివాడే పాపం, చెడ్డమాట ఎందుకనాలి? కానీ అతను వేసిన స్వేలే! ఓడ్‌వార్, నువ్వు చెప్పు, నువ్వు కొన్నదాన్ని ఏం చేశావు?"

"లారీ చక్రం కింద పెట్టాను," అన్నాడు ఓడ్‌వార్. "జారకుండా."

"జారిందా?"

"జారలేదు. అది మాత్రం నిజం."

"వినమ్మాయ్, సాక్ష్యంతో సహా చెప్తున్నా. చలికాలమంతా ఆ లారీ ఆ ఒక్క అట్టు మీదే ఆగింది. సరే, నేను ఒక ఆదివారం మా ఇంట్లో, కొండ మీద, కిటికీ తెరిచి రెండు అట్లు వేసుకుంటున్నాను. బయట ఇలాంటి పొగమంచే. కాదు కాదు, ఇది పొగమంచేమిటి, దీన్ని నేను పలచన మజ్జిగంటాను. ఆ రోజుది గడ్డపెరుగు. చెయ్యి పెడితే అందులో చెయ్యి ఆకారం పడి అలాగే ఉండిపోయింది. పంటు నడిపాయలో ఉంది, ఐలిఫ్‌కి ముందూ వెనకా కనపడదు, మిషన్లన్నీ చచ్చాయి, జనం దేవుణ్ణి తలుచుకుంటున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా పెనం మీంచి వాసన కిటికీ దాటింది, కొండ దిగింది, నీళ్ళ మీదకెళ్ళింది. ఐలిఫ్ ముక్కు పైకెత్తాడు. అంతే. కళ్ళు మూసుకుని ఆ వాసన వెంట తిప్పుకుంటూ వచ్చాడు, రేవులో గీత గీసినట్టు ఆనించాడు. ఆనించి, జనం దిగకముందే కొండెక్కి నా తలుపు కొట్టాడు. చేతిలో ఖాళీ ప్లేటు!"

"ఆ వారమంతా ఐలిఫ్‌కి జలుబు," అన్నాను. "నేనే కదా ముక్కులో చుక్కల మందిచ్చింది."

"జలుబుతోనే వాసన పట్టాడు! నేను చెప్పేదీ అదే కదా ఇంగున్, నువ్వు సగం విని మాట్లాడతావు." అట్టు తిరగేసింది. "ఇదిగో, ఇప్పుడు పాయలో కొంగరాయి దాటుతున్నాం. తెలిసిందా? కొంచెం ఎడమకి ఒరిగింది. నేను కిటికీ చూడక్కర్లేదు. నా అరికాళ్ళకి తెలుస్తుంది."

సున్నివ తన కాళ్ళకేసి చూసుకుంది. ఆమెకేం తెలిసినట్టు లేదు. మర్యాదకి తలూపింది. బ్యాటరీతో నడిచే ఈ కొత్త పంటులో నాకూ ఏమీ తెలియదు, కానీ బోర్గిల్డ్ కాళ్ళతో వాదన పెట్టుకునే ధైర్యం మా ఊళ్ళో ఎవరికీ లేదు.

"లారీ చల్లపెట్టె ఓసారి చూసొస్తా, చేప కరిగిందంటే నన్ను చంపుతారు," అని ఓడ్‌వార్ మిగిలిన సగం స్వేలే నోట్లో కుక్కుకుని కిందకెళ్ళాడు.

"వెళ్ళు, వెళ్ళు. అసలు కథ నీకు తెలిసిందే. అమ్మాయ్, ఇంకోటి తిను. ఆ వాసన రేవు దగ్గర ఆగిందనుకున్నావా? సముద్రం దాకా పోయింది. ముందు చేపల పడవలు వచ్చాయి. వల వేసినవాళ్ళు వల అక్కడే వదిలేసి వచ్చారు. వాళ్ళ వెనక ఆ పెద్ద యాత్రల ఓడ, అదే, వాన పడుతున్నా డెక్కు మీద పొట్టి లాగులు వేసుకుని తిరుగుతారే, ఆ ఓడ. అది వెళ్ళాల్సింది పక్క ఫియోర్డుకి. వాసన తగిలి గిరుక్కున ఇటు తిరిగింది. అంత పెద్ద ఓడ మన పాయలో పట్టదు కదా, అందరూ ఊపిరి బిగబట్టి పొట్టలు లోపలికి లాక్కుంటే ఓడ కొంచెం సన్నబడి పట్టింది."

సున్నివకి కాఫీ పొలమారింది.

"నెమ్మదిగా తాగు. రెండు వేల మంది రేవులో లైను కట్టారు. అప్పుడు మీ కంపెనీ నాకు ఫోను చేసింది. బోర్గిల్డ్, ఒక్క పూట వచ్చిపో, ఒక్క పూటే అన్నారు. నేను వద్దన్నాను. నేను విశ్రాంతిలో ఉన్నానయ్యా అన్నాను. బతిమాలారు. సరే వెళ్ళాను. కానీ రెండు వేల మందికి ఏ గిన్నెలో కలుపుతాం? రోడ్డు పనివాళ్ళ సిమెంటు కలిపే లారీ ఉంది కదా, దాన్ని వేడినీళ్ళతో మూడుసార్లు కడిగించాను, నేను శుభ్రం లేకుండా వంట చెయ్యను. ఒక పక్క నుంచి మజ్జిగ, ఒక పక్క నుంచి పిండి. గుడ్లు? లోయలో కోళ్ళన్నీ ఆ పూట ఓవర్‌టైమ్ చేశాయి. ఒక కోడయితే పెట్టేసి పెట్టేసి తనే పింఛను అడిగింది. పెనమో? పంటు కింద కార్లు నిలబెట్టే ఇనప నేలే పెనం! కింద ఇంజను వేడి, పైన చీపురుతో వెన్న రాశాం. మంచు తోసే బండితో తిరగేశాం."

"మంచు తోసే బండి నడిపిందెవరు?" అన్నాను.

"ఇంకెవరు? అట్టు తిరగేయడం ఇంకెవరికి వచ్చు ఈ ఊళ్ళో? మొదటిది నేను కొంచెం గట్టిగా ఎగరేశాను, ఒప్పుకుంటా. గాలి పట్టుకుపోయింది. వెళ్ళి వెళ్ళి చర్చి మీద పడి టోపీలాగా కూర్చుంది. ఆ శీతాకాలం చర్చిలో హీటర్లు పెట్టనే లేదు, ఆ వేడి చాలింది. పాస్టరు గారు ప్రార్థన మధ్యలో రెండుసార్లు పైకి చూసి పెదాలు తడుపుకున్నారు. జనం భక్తి అనుకున్నారు."

సున్నివ ఇప్పుడు నవ్వు దాచుకోవడం మానేసింది. కానీ చేతి గడియారం చూసుకుంది. బోర్గిల్డ్ అది గమనించింది. గొంతులో ఒక చిన్న ఆత్రం వచ్చింది, దాన్ని కప్పడానికి కథ ఇంకా పెంచింది.

"ఇప్పుడు జలపాతం ఎదురుగా ఉన్నాం. ఇంకా సగం దూరముంది, కంగారుపడకు. నువ్వు కారణం కావాలన్నావు. ఇప్పటిదాకా చెప్పినవి కారణాలు కావు, ఊరికే ముచ్చట్లు. కారణం ఇప్పుడొస్తుంది. మన పాయ మీద వంతెన కడతామని ఎన్నికలప్పుడల్లా అంటారు కదా. ఎందుకు కట్టలేదో తెలుసా?"

"డబ్బుల్లేవన్నారు."

"అది పైకి చెప్పుకునే మాట. ఒకసారి నిజంగానే మంత్రిగారు పునాది రాయి వెయ్యడానికొచ్చారు. ఆయన అవతలి ఒడ్డున, రాయి ఇవతలి ఒడ్డున. తుఫాను. అలలు కొండ సగానికి కొడుతున్నాయి. ఐలిఫ్ నేను పంటు కదపనన్నాడు. మంత్రిగారు అక్కడ గొడుగు తిరగబడి నిలబడ్డారు. బోర్గిల్డ్, ఏదైనా చెయ్యి అన్నారు అందరూ. నేనేం చెయ్యాలి? నాకొచ్చింది ఒకటే పని. సిమెంటు లారీని రేవు అంచుకి తెప్పించి నీళ్ళ మీదకి పిండి వదిలాను. సన్నగా, ఆగకుండా, అలకి అల మధ్యలో. కింద నీళ్ళు చల్లగా, పైన పిడుగులు వేడిగా. కాలింది! ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఒకే స్వేలే. రెండు పక్కలా అంచులు మడిచాను, జనం పడిపోకుండా. మంత్రిగారు కారులో దాని మీదుగా వచ్చారు. వెనక బస్సు, బస్సు వెనక పాల ట్యాంకరు. ఇంజినీర్లు కొలతలు వేశారు. వంగుతుంది, విరగదు, ఇంతకంటే మంచి వంతెన మావల్ల కాదు అని వాళ్ళ ప్లాను చుట్టేసుకుని వెళ్ళిపోయారు."

"మరి ఇప్పుడేదీ ఆ వంతెన?" సున్నివ మోచేతులు బల్ల మీద పెట్టి అడిగింది.

బోర్గిల్డ్ ఆమెకేసి జాలిగా చూసింది. "తినేశారు! మన ఊళ్ళో వేడి స్వేలే పొద్దుటిదాకా ఉంటుందా? ఒడ్డున ఉన్నవాళ్ళు అంచుల్నించి మొదలుపెట్టారు. నడుమ భాగం సీగల్ పక్షులు తిన్నాయి. ఆ ఏడు వసంతం దాకా ఒక్క సీగలూ ఎగరలేదు. రేవు దాకా నడిచొచ్చి, పంటెక్కి అవతలికి పోయేవి. నీ ముందరివాళ్ళు వాటికి టికెట్టు కొట్టాలా వద్దా అని మీ ఆఫీసులో తగాదా కూడా పడ్డారు, కనుక్కో."

"కనుక్కుంటాను," అంది సున్నివ. తర్వాత మెల్లగా, "కానీ బోర్గిల్డ్ గారూ, మీటింగులో ఇది చెప్తే నన్ను కూడా మీతోపాటు విశ్రాంతికి పంపిస్తారు," అంది.

నాకు నవ్వొచ్చింది. బోర్గిల్డ్‌కి రాలేదు. పెనం అంచు గుడ్డతో తుడిచింది, తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"నీకు గట్టి కారణం కావాలి. అంతేకదా. సరే. ఇది ఎవరికీ చెప్పనిది. ఐలిఫ్‌కి కూడా చెప్పలేదు, వాడి మనసు బాధపడుతుందని. పింఛను ఆఫీసు నుంచి ఇద్దరు బలమైన మనుషులొచ్చారు ఒకసారి. ఇక చాలు తల్లీ, పదండి, కుర్చీలో కూర్చోండి అని చెరో చేయీ పట్టుకుని పెనం ముందు నుంచి నన్ను పైకెత్తారు. ఎత్తగానే ఏమైందో తెలుసా? పంటు పక్కకి ఒరిగిపోయింది! కార్లన్నీ ఒక మూలకి జారాయి. వాళ్ళు బెదిరి నన్ను కింద పెట్టారు, పంటు నిటారుగా నిలబడింది. అప్పుడు అర్థమయింది వాళ్ళకి. నాకెప్పుడో తెలుసు. ఈ పంటు నడిపేది ఐలిఫ్ కాదు. పైన వాడి చేతిలో ఉన్న చక్రం దేనికీ తగిలించి లేదు, పాపం పెద్దమనిషి, తిప్పుకోనీ. నడిపేది నేను. ఇక్కణ్ణుంచి. ఎడమకాలు నొక్కితే ఎడమకి. కుడికాలు నొక్కితే కుడికి. మడమ ఎత్తితే వేగం. నలభై ఏళ్ళుగా ఈ జనాన్ని అటూ ఇటూ దాటిస్తున్నది ఈ రెండు కాళ్ళు. మిషను పెడతారట మిషను. మిషనుకి కాళ్ళున్నాయా?"

"ఇందాక ముప్ఫై ఏళ్ళన్నావు," అన్నాను.

"మధ్యలో ఒరగడం నిటారవడంలో పదేళ్ళు గడిచాయి, నువ్వు లెక్కలు అడక్కు. చూడమ్మాయ్, నన్ను నమ్మకపోతే నీ కళ్ళతో చూడు. నీతో మాట్లాడుతూ, నాలుగు అట్లు వేస్తూ, ఈ పొగమంచులో పాయ మొత్తం దాటించాను. ఒక్క కుదుపు తెలిసిందా?"

"నిజంగానే తెలియలేదండీ," అంది సున్నివ. ఆ మాటలో కొంచెం ఆశ్చర్యం ఉంది. ఆమె నమ్మాలని చూస్తోందని నాకనిపించింది. మీటింగులో చెప్పడానికి ఏదో ఒకటి దొరికితే బాగుండునని చూస్తోంది.

బోర్గిల్డ్ మొహం వెలిగింది. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి నిలబడింది. "ఇదిగో, మడమ దించాను. వేగం తగ్గింది. చూశావా ఎంత మెత్తగా తగ్గిందో. ఇప్పుడు కొంచెం కుడికి. అంతే. ఇక రేవు. పట్టుకోండి, తగులుతున్నాం. ఒకటి, రెండు..."

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఓడ్‌వార్ వచ్చాడు, చేతులు తుడుచుకుంటూ. మా ఇద్దర్నీ, బోర్గిల్డ్ నిలబడ్డ తీరునీ చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఏం చేస్తున్నావు బోర్గిల్డ్?"

"రేవులో ఆనిస్తున్నా, మాట్లాడించకు."

ఓడ్‌వార్ ఒకసారి సున్నివకేసి చూశాడు, ఒకసారి నాకేసి చూశాడు. చెప్పకుండా ఉండగలిగితే చెప్పేవాడు కాదు. కానీ చేపలవాడికి దాచుకోవడం రాదు.

"మనమింకా బయల్దేరనే లేదు," అన్నాడు. "ఛార్జింగు తీగ రేవు స్తంభానికి పట్టేసిందట, ఊడి రావట్లేదు. ఐలిఫ్ కింద నిలబడి దాన్ని తిడుతున్నాడు. ఎక్కిన దగ్గర్నుంచీ ఇక్కడే ఉన్నాం."

నేను కిటికీ దగ్గరికెళ్ళి చేత్తో అద్దం తుడిచి చూశాను. పొగమంచులో, అడుగు దూరంలో, మా రేవు స్తంభం. రోజూ చూసే స్తంభమే. కొంగరాయి లేదు, జలపాతం లేదు. నాకే సిగ్గేసింది, ఆవిడ తరఫున.

బోర్గిల్డ్ వంచిన మోకాళ్ళు నిటారు చేసింది. చెవులు ఎర్రబడ్డాయి. తన కాళ్ళకేసి చూసుకుంది, అవేదో ఆవిణ్ణి మోసం చేసినట్టు. ఏడేళ్ళుగా ఆ కోతలకి నవ్వుతున్నాను గానీ, అన్నిట్లోకీ ఈ కాళ్ళ సంగతొక్కటే ఆవిడ నిజంగా నమ్ముతోందని అప్పటిదాకా నాకు తెలియదు.

కింద కార్లలో కూర్చుని విసిగిపోయిన జనం మెట్లెక్కి రావడం మొదలుపెట్టారు. కోట్లు విదుల్చుకుంటూ, తీగనీ పొగమంచునీ తిట్టుకుంటూ వచ్చి, ఏమీ అడక్కుండా గల్లా ముందు లైను కట్టారు. లైను తలుపు దాటి మెట్ల మీదకి పోయింది.

సున్నివ గడియారం చూసుకుంది. తొమ్మిది దాటింది. "బోర్గిల్డ్ గారూ..." అంది.

బోర్గిల్డ్ గరిటెతో పిండి తీసింది. పెనం మీద పోసింది. గుండ్రంగా పడింది.

"ఏమన్నావమ్మాయ్ నువ్వు? జవాబు ఎప్పట్లోగా చెప్పమన్నావు?"

"అవతలి ఒడ్డు చేరేలోగా అన్నాను."

"చేరామా?"

"లేదు."

"బయల్దేరామా?"

"లేదండీ."

"మరి తొందరేంటి?" అంది బోర్గిల్డ్. "ఆ ప్లేటు ఇటివ్వు, నీ వెనక ఇంతమంది ఆకలితో ఉన్నారు."